"మనం" అన్నాడా, "మేము" అన్నాడా

దమ్మపేటలో మా ఇంట్లో కూర్చుని డాక్యుమెంటరీలకు తెలుగు మాటలు రాస్తుంటాను. పోయిన వానాకాలం ఒక కంపెనీ యుద్ధవిమానాల మీద తీసిన చిత్రం పంపింది. అందులో ఒక బ్రిటిష్ పైలట్ జర్మన్ వాయుసేనలో పనిచేస్తున్నాడు. నడిపేది జర్మన్ విమానం, మాట వినేది జర్మన్ అధికారిది, భుజం మీద మాత్రం బ్రిటన్ జెండా. నాకేమీ అర్థం కాలేదు. ఇంగ్లీషులో రాసినవాళ్లే పొరబడ్డారనుకుని, "బ్రిటిష్ పైలట్" అని ఉన్నచోటల్లా "జర్మన్ పైలట్" అని దిద్ది పంపేశాను.

మూడో రోజు కంపెనీ నుంచి ఒకామె ఫోన్ చేసింది.

"మేడం, మీరు ఆ మనిషి దేశమే మార్చేశారు!"

సిగ్గుతో చెవులు వేడెక్కాయి. రెండు రోజులు గడువు అడిగాను.

మర్నాడు పొద్దున్నే భద్రాచలం బస్సెక్కాను. అక్కడ మా నాన్న స్నేహితుడొకాయన ఉన్నాడు. మన వాయుసేనలో ఇంజన్ మెకానిక్‌గా చేసి రిటైరయ్యాక కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. చిన్నప్పటి నుంచి ఆయన్ని చాచా అంటాను. నేను చెప్పిందంతా విని నవ్వాడు.

"గట్లనే ఉంటది బిడ్డా. వాళ్ల పైలట్ వీళ్ల దగ్గరికి, వీళ్ల పైలట్ వాళ్ల దగ్గరికి పోతడు. రెండు మూడేండ్లు కలిసి పనిచేస్తరు. ఒకళ్ల పద్ధతి ఒకళ్లు నేర్చుకుంటరు."

"మరి ఆయన ఎవరి మనిషి చాచా?"

"బ్రిటన్ మనిషే. నిజం యుద్ధానికి పోవాల్నంటే సొంత దేశం ఒప్పుకోవాలె."

"జర్మన్లు ఆయన దగ్గర ఏమీ దాచుకోరా?"

చాచా చేతిలోని స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు. "దాస్తరేమో. నేను ఇంజన్లు చూసినోణ్ణి, గవన్నీ నాకేమెరుక? ముందు చాయ్ తాగు."

ఇంటికొచ్చి పైలట్ దేశం పైలట్‌కి తిరిగిచ్చేశాను. అంతటితో అయిపోతుందనుకున్నాను. కానీ ఒక సన్నివేశంలో ఆయన జర్మన్ల మధ్య నిలబడి, ఉత్తుత్తి యుద్ధ విన్యాసాల్లో ఎదురు రాబోయే బ్రిటిష్ విమానాల గురించి "ఇవాళ గెలుస్తాం" అంటాడు. ఇంకోచోట అదే మనుషులతో "టీలో పాలు పోసుకుంటాం" అంటాడు. ఇంగ్లీషులో రెండుచోట్లా "వియ్" అని ఒకటే మాట. తెలుగులో "మనం" రాయాలా, "మేము" రాయాలా? పాలు పోసుకోవడం బ్రిటన్‌వాళ్ల అలవాటు కాబట్టి టీ దగ్గర "మేము" సులువుగానే రాశాను. గెలిచే దగ్గర చేయి ఆడలేదు. "మనం" రాస్తే సొంతవాళ్లను వదిలేసినట్టుంది. "మేము" రాస్తే పక్కనున్నవాళ్లను దూరం పెట్టినట్టుంది. ఆయన ముఖం చూద్దామని ఆ ముక్క పదిసార్లు తిప్పి చూశాను. హెల్మెట్ చంకలో పెట్టుకుని మామూలుగా నవ్వుతున్నాడు, అంతే.

చివరికి "మనం" అనే రాసి పంపాను. ఈసారి కంపెనీ ఆమె బాగుందంది. డబ్బింగ్ చెప్పే అతనికీ అనుమానమొచ్చి రెండు రకాలుగా చెప్పాడట. ఏది ఉంచారో నేను అడగలేదు.