సగం మాత్ర

ఆవిణ్ణి వీధిలో అందరూ కత్తెరమ్మ అనేవాళ్ళు. ముప్ఫై ఏళ్ళ దర్జీ పని. గీత గీయకుండా గుడ్డ కత్తిరించినా నూలుపోగంత తేడా రాదు. చివరికి ఆ చెయ్యే ఆవిడ కొంప ముంచబోయింది.

కొడుకు అచ్చాఫీసులో మిషన్ నడుపుతాడు. మూడేళ్ళు మత్తు సూదుల పాలబడి, చావు తప్పి కన్ను లొట్టపోయి బయటపడ్డాడు. ఏడు నెలలుగా ఆస్పత్రివాళ్ళిచ్చిన మాత్ర రోజూ పొద్దున్నే నాలుక కింద పెట్టుకోవాలి. మాత్రలు తల్లి దగ్గరే ఉంచమంది నర్సు. వాడు మంచం మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, చిన్నపిల్లాడిలా నోరు తెరిచేవాడు. ఆవిడ పెట్టేది.

"మత్తు మానడానికి మళ్ళీ మాత్రా? ఇంకెన్నాళ్ళే?" అని మొగుడి సణుగుడు. బస్సు డ్రైవరు పని చాలించి ఇంట్లో కూర్చున్నాడుగా, సణగడమే ఉద్యోగం! తగ్గించాలంటే మేమే మెల్లిగా తగ్గిస్తాం, సొంత వైద్యం వద్దమ్మా అని నర్సు చిలక్కి చెప్పినట్టు చెప్పింది. కత్తెరమ్మ వింటేగా! బాగుపడ్డవాడికి మందెందుకని, ఎవరికీ చెప్పకుండా బ్లేడుతో సరిగ్గా సగానికి కోసి పెట్టడం మొదలెట్టింది.

నాలుగోరోజు వాడికి ఒకటే ఆవలింతలు. ముక్కు కారుతోంది, ఒళ్ళంతా వణుకు. చొక్కా తగిలించుకుని గుమ్మం వైపు నడిచాడు. తండ్రి తలుపుకి అడ్డం నిలబడ్డాడు.

"మళ్ళీ మొదలెట్టావుట్రా?"

"లేదు నాన్నా. మాత్ర వేసుకుంటూనే ఉన్నా. నాకే అర్థం కావట్లేదు."

"అబద్ధం! కుక్క తోక వంకరే. ఈ గడప దాటావో, మళ్ళీ ఇంటికి రాకు."

"మాత్రే పనిచెయ్యకపోతే ఇంక నేనేం చెయ్యను? తప్పుకో నాన్నా."

ఆవిడ పై ప్రాణాలు పైనే పోయాయి. వాడెక్కడికి పోతాడో తెలుసు. ఇన్నాళ్ళు మానేసిన ఒంట్లోకి పాత మోతాదు ఎక్కితే మనిషి దక్కకపోవచ్చని నర్సు చెప్పిందీ గుర్తుంది. అయినా నోరు పెగలదే! దొంగకు తేలు కుట్టినట్టు కుట్టుమిషన్ పట్టుకుని నిలబడింది. వాడు తండ్రిని పక్కకి తోసి గడియ తీశాడు.

"సగమే పెట్టాన్రా!" అని అరిచింది. "నాలుగు రోజుల్నించీ సగమే. తప్పు నాది నాయనా, నీది కాదు!"

మిషన్ సొరుగు లాగి, దారపు ఉండల కింద దాచిన నాలుగు సగం ముక్కలూ చూపించింది. వాడు వాటికేసి చూస్తూ ఉండిపోయాడు. తండ్రి నర్సుకి ఫోన్ కలిపాడు. "వెంటనే తీసుకురండి. తిట్టుకోవడాలు తర్వాత," అందామె. ముగ్గురూ వెళ్ళారు. దారిపొడుగునా వాడు తల్లికి ఎడంగానే నడిచాడు.

మర్నాడు పొద్దున ఆవిడ మాత్రల అట్ట వాడి చేతికివ్వబోయింది. "ఇక నుంచి నువ్వే చూసి వేసుకోరా. నా చేతిని నమ్మకు."

వాడు అందుకోలేదు. మంచం మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, నోరు తెరిచాడు.

ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి కత్తెరమ్మ చెయ్యి వణికింది.