చేయి బయటికుండే బొంత

ఎస్తర్ టీచరమ్మకు ఒకచోట కూర్చోవడం ఏనాడూ చేతకాలేదు. జమ్మలమడుగులో ఆడపిల్లల బడిలో కుట్టుపని నేర్పినన్నాళ్లూ ఆమె కుర్చీ ఖాళీగానే ఉండేది. బెంచీల మధ్య తిరుగుతూ ఒక పిల్లకు సూది పట్టుకోవడం సరిచేసి, ఇంకో పిల్ల వేసిన వంకర కుట్టు విప్పదీసి, గంట కొట్టేవేళకు గుమ్మం దగ్గర ఉండేది. చర్చిలో ప్రసంగం కాస్త సాగితే చాలు, కొంగు అంచు మడతపెట్టడం, విప్పడం మొదలయ్యేది. పెళ్లి ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే తీరిక దొరకలేదని చెప్పి లేచి వెళ్లిపోయేది.

అలాంటి మనిషికి, రిటైరైన ఏడాదే, తమ్ముడి జబ్బు వచ్చిపడింది. జయరాజు బస్సు డ్రైవరు. మూత్రపిండాలు రెండూ పాడైపోయి, ఉద్యోగం వదిలేసి, వారానికి రెండుసార్లు ప్రొద్దుటూరుకు డయాలసిస్‌కు పోవలసి వచ్చింది. భార్య ఎప్పుడో చనిపోయింది. ఒక్కతే కూతురు ప్రశాంతి పులివెందుల ఆసుపత్రిలో నర్సు, అడిగినప్పుడల్లా సెలవు దొరకదు. తోడు వెళ్లడం అక్క వంతయింది.

బస్సులో జయరాజు కిటికీ పక్కన కూర్చుని, డ్రైవరు గేరు మార్చినప్పుడల్లా ముఖం చిట్లించేవాడు. మలుపు దగ్గర అతని కుడికాలు తనంతట తానే నేలను తొక్కేది. ఆసుపత్రిలో మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా మంచమ్మీద వాలిపోయేవాడు. చేతికి రెండు సూదులు గుచ్చి మిషనుకు కలిపాక నాలుగు గంటలు కదలడానికి లేదు. ఆ నాలుగు గంటలూ గడపడం ఎస్తర్‌కే కష్టంగా ఉండేది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేది, లేచేది, వరండా చివరిదాకా పోయి వచ్చేది. ఆమె అటూ ఇటూ తిరుగుతుంటే తమ గుండె దడదడలాడుతోందని తక్కిన రోగుల వెంట వచ్చినవాళ్లు గొణిగేవాళ్లు.

మే నెలలో ఒకరోజు, బయట తారు రోడ్డు చెప్పులకు అంటుకునేటంత ఎండలో, లోపల జయరాజుకు వణుకు పట్టుకుంది. మిషన్ల కోసం గదిలో ఏసీ వేస్తారు. ఒంట్లోంచి బయటికి పోయిన రక్తం గొట్టాల్లో తిరిగి చల్లబడి మళ్లీ ఒంట్లోకి వస్తుంది. ఆసుపత్రి దుప్పటి పల్చన. పళ్లు కొట్టుకుంటున్న తమ్ముడి కాళ్లమీద ఆమె తన కొంగు కప్పింది. అది ఏ మూలకు సరిపోతుంది?

ఇంటికి రాగానే అన్నం కూడా తినకుండా ట్రంకుపెట్టె తెరిచింది. అమ్మ కట్టి వదిలేసిన నూలు చీరలు పొరలు పొరలుగా పేర్చి బొంత కుట్టింది. మర్నాడు మిగిలిన చీరలతో ఇంకొకటి మొదలుపెట్టింది. పక్క మంచాల వాళ్లు కూడా వణుకుతున్నారు కదా! వాడకట్టులో ఇల్లిల్లూ తిరిగి పాత చీరలు అడిగి తెచ్చింది. కుట్టుమిషను తొక్కుతున్నంతసేపూ ఆమె లోపలి తొక్కిసలాట కొంచెం తగ్గేది.

జయరాజు ఇంట్లో మంచమ్మీద నుంచి చూస్తూ ఒకనాడు అడిగాడు.

"అక్కా, చలేసేది నాకు. కాలు నిలవంది నీకు. ఇవన్నీ ఎవురికోసం కుడతాండావు?"

ఆమె దారం కొరికి తెంపి, ఇంకో చీర అందుకుంది. ఆ మాట మాత్రం లోపల గుచ్చుకుని ఉండిపోయింది.

బొంతలు మోసుకుని వెళ్లిన మొదటి రోజే ఎదురుదెబ్బ తగిలింది. మిషన్లు చూసుకునే కుర్రాడు జాఫర్ జయరాజు మీది బొంతను మెల్లగా పక్కకు లాగేశాడు. సూది ఊడితే క్షణాల్లో రక్తం పోతుందని, చేయి కప్పేస్తే తనకు తెలియదని చెప్పాడు. "చేయి ఎప్పుడూ నాకు కనపడతా ఉండాల టీచరమ్మా. ఇంకోటి, ఒకరిది ఒకరికి కప్పగూడదు, ఎవురిది వాళ్లే ఉతుక్కోవాల" అన్నాడు.

అతను చెప్పింది న్యాయమే. ఆమె బొంతలన్నీ వెనక్కి తీసుకుపోయి, ఒక పక్క అంచు నుంచి భుజం దాకా కోసి, కోసినచోట మెత్తటి పట్టీ వేసి, నాడాలు కుట్టింది. నాడా విప్పితే చేయి బయట ఉంటుంది, తక్కిన ఒళ్లంతా వెచ్చగా ఉంటుంది. ఈసారి జాఫర్ ఒప్పుకున్నాడు. మనిషికొకటి పంచింది.

సరోజమ్మ అనే ఆమె మాత్రం బొంతను తిప్పి తిప్పి చూసింది. కొండాపురం దగ్గర పునరావాస కాలనీ నుంచి వస్తుందామె. వాళ్ల ఊరు రిజర్వాయరు నీళ్లలో మునిగిపోయింది.

"టీచరమ్మా, ఈ కోక కట్టుకున్న ఆయమ్మ ఉండాదా?"

"మా అమ్మది. పోయి శానా ఏండ్లయింది" అంది ఎస్తర్, అబద్ధం చెప్పలేక.

సరోజమ్మ బొంతను మడతపెట్టి కాళ్లవైపు పెట్టింది. "నేను ఈడికి వచ్చేది బతకడానికి. పోయినోళ్ల కోక కప్పుకోని ఈ మంచం మీద పండుకోలేను. ఏమనుకోవద్దు."

ఆమె గొంతులో కోపం లేదు. అయినా గదిలో ఒకరి తర్వాత ఒకరు తమ బొంతల అంచులు పట్టి చూసుకోసాగారు. సాయంత్రానికి అన్నీ ఎస్తర్ ఒడిలోకి తిరిగి వచ్చాయి. బస్సులో వాటిని హత్తుకుని కూర్చుంటే ఒళ్లు మండిపోయింది. ఇంటికి వచ్చి ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడ్చింది, తోమిన గిన్నెలే మళ్లీ తోమింది. వారం రోజులు కుట్టుమిషను వైపు పోలేదు, అలాగని ఇంకెక్కడా నిలవనూ లేదు.

ఆ అవస్థ చూడలేక జయరాజే దారి చెప్పాడు. "వాళ్ల గుడ్డలు వాళ్లనే అడుగు అక్కా. ఎవురింటి గుడ్డతో వాళ్లకు కుట్టు." అని, పెట్టెలో పెట్టుకున్న తన డ్రైవరు ఖాకీ చొక్కాలు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "ముందు ఇవి కొయ్."

ఎస్తర్ కత్తెర తీసుకుంది గానీ చేయి ఆడలేదు. అవి ఇస్త్రీ మడత చెదరకుండా ఉన్నాయి. వాటిని అతను ఎందుకు దాచుకున్నాడో ఆమెకు తెలుసు.

"ఇంగ బండెక్కేది లేదులే. కొయ్" అన్నాడతను కిటికీ వైపు చూస్తూ.

కత్తెర మొదటి చొక్కా వీపులో దిగింది.

ఖాకీ బొంత చూశాక గదిలో వాళ్లకు సంగతి అర్థమైంది. మనవడి లుంగీ ఒకరు, కూతురి చుడీదారు ఒకరు తెచ్చారు. సరోజమ్మ ఏమీ చెప్పకుండా ఒక మూట ఇచ్చింది. అందులో భర్త పంచె, మనవరాలి బడి లంగాలు, మునిగిపోయిన ఇంటి తలుపుకు వేలాడిన పూల పరదా ఉన్నాయి. పరదా గుండెల మీదికి వచ్చేలా కుట్టమని మాత్రం అడిగింది. జాఫర్ చెప్పినట్టు ఎవరి బొంత వాళ్లే ఉతికి తెచ్చుకునేవాళ్లు.

మరుసటి ఏడు వానాకాలంలో ఒక ఉదయం, ప్రొద్దుటూరు బస్సుకు తయారై చెప్పులు వేసుకుంటూ జయరాజు అరుగు మీదే ఒరిగిపోయాడు. డాక్టరు వచ్చేలోపే ప్రాణం పోయింది. సంచిలో సర్దిపెట్టిన ఖాకీ బొంతను ప్రశాంతి తీసి తండ్రికి శవపెట్టెలో పరిచింది.

సమాధి కార్యక్రమం అయిపోయినా డయాలసిస్ రోజున ఎస్తర్ కాళ్లు బస్టాండుకే నడిచాయి. ప్రొద్దుటూరులో దిగి, ఆసుపత్రి దాకా పోయి, తమ్ముడి మంచమ్మీద ఇంకెవరో పడుకుని ఉంటే గుమ్మంలోనే ఆగిపోయింది. జాఫర్ కుర్చీ తెచ్చి వేశాడు. కూర్చోలేదు. లోపలికి పోలేక, పోకుండా ఉండలేక, అలా ఎన్నోసార్లు వచ్చి వెనక్కి తిరిగింది.

చివరికి ప్రశాంతి వచ్చి ఆమెను పులివెందులకు తీసుకుపోయింది. కొత్త ఇంట్లో ఆమె చేతులు పరదా కుచ్చులు ముడివేస్తూ, విప్పుతూ ఉండేవి.

"అత్తా, మా వార్డులో నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలుంటారు. వాళ్లకు తలలోంచే వేడి పోతాది. టోపీలు అల్లి ఇస్తావా?" అని అడిగింది ప్రశాంతి. ఊలు వద్దంది, నూగు ముక్కులోకి పోతుందట. మెత్తటి నూలు దారంతో అల్లమంది.

మొదట అల్లినవన్నీ పెద్దవయ్యాయి, బిడ్డల కళ్లమీదికి జారాయట. వార్డులోకి బయటివాళ్లను రానివ్వరు. కొలత ఎలా తెలుస్తుందని ఎస్తర్ విసుక్కుంటే, ప్రశాంతి బత్తాయిల బుట్టలోంచి ఒక చిన్న చీనీకాయ ఏరి అత్త అరచేతిలో పెట్టింది.

"ఇంత. కొందరిది ఇంకా చిన్నది."

ఎస్తర్ వేళ్లు ఆ కాయ చుట్టూ ముడుచుకున్నాయి. చాలాసేపు దాన్ని కింద పెట్టలేకపోయింది. ఇంత తలతో పుట్టిన బిడ్డ రేపటిదాకా ఉంటుందో లేదో! ఆ దిగులుతోనే అల్లింది. అల్లినకొద్దీ దిగులు తగ్గలేదు గానీ టోపీలు సరిపోయాయి.

ప్రొద్దుటూరు గుమ్మం కూడా ఒకనాడు దాటింది. తమ్ముడి మంచమ్మీది కొత్త మనిషిని ఇంట్లోంచి గుడ్డలు తెమ్మని అడిగి, ఏ చేతికి సూదులు వేస్తారో చూసుకుని వచ్చింది. ఇప్పుడు ఆమె వారంలో కొన్ని రోజులు అక్కడ, కొన్ని రోజులు పులివెందులలో. జమ్మలమడుగులో ఉండేది తక్కువ.

మొన్న పులివెందుల బస్సు టైరు పంక్చరైంది. జనమంతా దిగి నీడ చూసుకుని కూర్చున్నారు. ఎస్తర్ మాత్రం రోడ్డు పక్కన అటూ ఇటూ నడుస్తూ, నడుస్తూనే టోపీ అల్లింది. ఎండకు నిలబడొద్దని కండక్టరు రెండుసార్లు చెప్పి చూశాడు. నిలబడలేదు కదా అందామె. బస్సు కదిలేసరికి టోపీ పూర్తయింది. సీటులో కూర్చుని, సంచిలోంచి కొత్త దారపుండ కొస కోసం వెతికింది.