ఉల్లిపాయలు తరిగిన చాకు

మొన్న మా కాలేజీ స్టాఫ్ రూములో టీ తాగుతూ ఒక లెక్చరరు ఫోన్లో అమెరికా కబురొకటి చదివి వినిపించాడు. అక్కడ కొన్ని కాలేజీల్లో పిల్లలు చొక్కా కింద తుపాకీ దాచుకుని క్లాసుకు రావచ్చట. "మంచిదే కదండీ, ఎవడి ప్రాణం వాడు కాపాడుకుంటాడు. మనోళ్ళకీ ఇస్తే ర్యాగింగూ ఉండదు, ఏమీ ఉండదు" అన్నాడాయన. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే ఆ ముచ్చట నేను తీర్చుకున్నాను. తుపాకీతో కాదు, చాకుతో. చివరికి దాంతో ఏం కోశానో చెబితే నవ్వుతాడని ఊరుకున్నాను. ఇక్కడ చెబుతాను.

మాది రేపల్లె. డిగ్రీకి బాపట్లలో చేరి హాస్టల్లో ఉన్నాను. సీనియర్లలో ఒకతను మా ఊరివాడే, మా సంఘంవాడే. ప్రతి ఆదివారం మా చర్చిలో కీబోర్డు వాయించేది అతనే. వాళ్ళమ్మ స్త్రీల సమాజానికి పెద్ద. నన్ను హాస్టల్లో దింపడానికి వచ్చిన రోజున మా అమ్మ అతని చేతులు పట్టుకుని, "బాబూ, మావాణ్ణి కాస్త కనిపెట్టి ఉండయ్యా" అంది. "మీరేం బెంగపెట్టుకోకండి ఆంటీ, నా తమ్ముడే అనుకోండి" అన్నాడు.

బాగానే కనిపెట్టాడు. సాయంత్రం కాగానే తన గదికి పిలిపించి, బట్టలు విప్పించి, ఉత్త డ్రాయరుతో బల్ల ఎక్కించి, చర్చి పాటలు పాడించేవాడు. తను కంచం తిరగేసి దరువు వేసేవాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు. వాళ్ళకు ఆ పాటలేంటో తెలియదు. అతనికి తెలుసు. ఒకరోజు మా నాన్నను సమాధి చేసినప్పుడు పాడిన పాట పాడమన్నాడు. ఆవేళ సమాధి దగ్గర మా అమ్మ పక్కనే నిలబడి ఆ పాట ఎత్తుకున్నది అతనే. గుర్తుండే పాడించాడు. నేను పాడాను. పాడుతూనే, వీణ్ణి చంపాలి అనుకున్నాను.

శనివారాలు ఇంటికి వెళ్ళాలంటే తెనాలిలో దిగి రేపల్లె రైలు అందుకోవాలి. ఆ వారం రైలుకు టైముందని బజారుకు వెళ్ళి, స్టీలు సామాన్ల కొట్లో మంచి చాకు ఇమ్మన్నాను.

"దేనికి బాబూ, కూరగాయలకా?"

"మామిడికాయలకండి."

"కార్తీకమాసంలో మామిడికాయలేంటి నాయనా?" అని కొట్టాయన నన్ను ఎగాదిగా చూశాడు. చాకు మాత్రం ఇచ్చాడు.

దాన్ని తువ్వాల్లో చుట్టి బ్యాగు అడుగున పెట్టుకున్నాను. ధైర్యం వస్తుందనుకుంటే భయం వచ్చింది. క్లాసులో బ్యాగు ఒళ్ళోంచి దించేవాణ్ణి కాదు. అటెండరు పేరుపెట్టి పిలిచినా బ్యాగు గుండెలకు హత్తుకునేవాణ్ణి. పోనీ అవసరానికి అక్కరకొచ్చిందా అంటే అదీ లేదు. డ్రాయరుకు జేబులుండవు కదా. నేను అతని గదిలో బల్ల మీద, చాకు నా గదిలో మేకుకు వేలాడే బ్యాగులో.

ఒకనాడు నా బ్యాగు కెలికి అతనే దాన్ని పట్టుకున్నాడు. "ఏరా, నాకోసమేనా?" అని నవ్వాడు. కొట్టలేదు. కొట్టినా బాగుండేది. వాళ్ళు హీటరు మీద ఆమ్లెట్లు వేసుకుంటూ, నా చాకు నా చేతికే ఇచ్చి ఉల్లిపాయలు తరగమన్నాడు. "సన్నగా తరగాలి" అన్నాడు. చాకు నా చేతిలో ఉంది, అతని పొట్ట జానెడు దూరంలో ఉంది. పొడవలేదు. మంచితనం వల్ల కాదు, వాళ్ళు పదిమంది కాబట్టి. కళ్ళు తుడుచుకుంటుంటే, "ఉల్లిపాయలు బాగా ఘాటురోయ్" అని అందరికీ చెప్పాడు. తర్వాత చాకు తన జేబులో వేసుకున్నాడు.

ఆ వచ్చిన ఆదివారం చర్చిలో అతను దేవుడు చేసిన మేళ్ళ గురించి సాక్ష్యం చెప్పడానికి లేచాడు. హాస్టల్లో తమ్ముళ్ళ మధ్య పాటలతో దేవుడి పరిచర్య చేస్తున్నాననీ, తనకోసం ప్రార్థించమనీ అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. వాళ్ళమ్మ పమిటతో కళ్ళొత్తుకుంది. ప్రార్థన అవసరతలు ఇంకెవరికైనా ఉన్నాయా అని పాస్టరు అయ్యగారు అడిగారు. నేను వెళ్ళి మైకు అందుకున్నాను.

"అందరికీ వందనాలండి. అన్నయ్య చెప్పిన పరిచర్య నిజమేనండి. రోజూ సాయంత్రం నా బట్టలిప్పించి, డ్రాయరుతో బల్లెక్కించి, మన పాటలే పాడిస్తాడండి. కంచం మీద దరువు తనే వేస్తాడు. మా నాన్న సమాధి కాడ మీరందరూ పాడారే, ఆ పాట కూడా పాడించాడండి. అన్నయ్య మారాలని పేరుపెట్టి ప్రార్థన చెయ్యండి."

మా చర్చి మైకు వీధి చివరిదాకా వినిపిస్తుంది. తెలిసే మైకు మూతికి ఆనించుకుని మాట్లాడాను. అయ్యగారు కళ్ళు మూసుకుని పేరుపెట్టే ప్రార్థించారు. శత్రువుల కోసం ప్రార్థించమని బైబిల్లో ఉంది కదా, ఊరంతటి చేతా చేయించాను. అందరూ కళ్ళు మూసుకుంటే నేను మాత్రం తెరుచుకుని, కీబోర్డు వెనక అతను తల వంచుకోవడం కడుపునిండా చూశాను.

సాయంత్రం వాళ్ళమ్మ మా ఇంటికొచ్చింది. తిట్టిపోయడానికే వచ్చిందనుకుని నేనూ మాటలు సిద్ధం చేసుకున్నాను. ఆమె పేపర్లో చుట్టిన పొట్లం నా చేతిలో పెట్టింది. విప్పితే నా చాకు.

"మావాడు బ్యాగు సర్దుకుంటుంటే అడుగున కనపడింది. నీదేనంటగా. నువ్వెందుకు కొన్నావో పొద్దున తెలిసింది బాబూ. వాడు ఇయ్యాళ ఎందుకు పెట్టుకున్నాడో అడిగితే చెప్పట్లేదు. రేపు ఇద్దరూ ఒకటే రైలెక్కాలి. ఉత్త చేతుల్తో ఎక్కండి."

నేను ఏరికోరి కొన్న చాకు నాకోసమే రైలెక్కబోయింది. చాకు మా అమ్మకిచ్చేశాను. వాళ్ళమ్మ క్షమించమని అడగలేదు, నేనూ అడగలేదు.

మర్నాడు రైల్లో ఇద్దరం ఎదురెదురుగా కూర్చోవాల్సి వచ్చింది. అతని కళ్ళు వాచిపోయి ఉన్నాయి. ఉల్లిపాయల ఘాటేమో అని అడుగుదామనుకున్నాను, అడగలేదు. ఒక పొట్లం వేరుశెనక్కాయలు కొనుక్కుని, రేపల్లె నుంచి తెనాలి దాకా అతని మొహం చూస్తూ ఒక్కొక్కటే ఒలుచుకు తిన్నాను. అంత కమ్మటి వేరుశెనక్కాయలు మళ్ళీ తినలేదు.