ఖాళీగా ఉంచిన రెండు గడులు

ఒమన్‌లో సీబ్ నుంచి సమాయిల్ వెళ్లే బస్సులో మోకాలి మీద కాగితం పెట్టుకుని, సెలవుల్లో పిల్లలతో కలిపి మా నలుగురి లద్దాఖ్ యాత్రకు గడులు గీస్తున్నాను. ఆరు రోజులు, తొమ్మిది చోట్లు. పొద్దున ఎనిమిదికి లేహ్‌లో విమానం దిగడం, పదికి బౌద్ధ మఠం, మధ్యాహ్నం ఖార్దుంగ్‌లా కనుమ. ఒక్క గంట కూడా వృథా పోలేదు.

పక్క సీట్లో సిమెంటు అంటిన పని బట్టల్లో ఉన్న మనిషి చాలాసేపు కాగితం వంకే చూశాడు.

"లెక్క మంచిగనే ఉన్నది సార్. ఊపిరి లెక్కనే ఏయలే."

ఒమన్ రాకముందు, గాలి పలచగా ఉండే ఆ లద్దాఖ్ కొండల్లో రోడ్డు పని చేశాడట.

"పదకొండు మందిమి పోయినం. దిగిన రోజే పైకి పనికి తోలిండు మేస్త్రి. పదిమందిమే ఇంటికొచ్చినం."

మొదటి రెండు రోజుల గడుల మీద అరచెయ్యి పెట్టాడు.

"ఈ రెండు దినాలు రూమ్‌ల పండుకోండ్రి. పిల్లలు లొల్లి పెట్టినా సరే."

సమాయిల్ రాకముందే దిగిపోయాడు. కాగితం మీద సిమెంటు వేళ్ల అచ్చు మిగిలింది.

లేహ్‌లో రెండు రోజులూ పడుకునే ఉన్నాం. మా ఆవిడ తలనొప్పి రెండో సాయంత్రానికి గానీ తగ్గలేదు. తొమ్మిదిలో ఐదే చూశాం. తిరిగి మస్కట్‌లో దిగాక, పెట్టెల కంటే ముందు మనుషుల్ని లెక్కపెట్టాను. నలుగురం.