గేటు దగ్గర ఆగిన కత్తి

ఆ ఉదయం సముద్రం వైపు నుంచి మబ్బు పట్టింది. వాన పడేలోగా రాలిన జీడిపిక్కలు ఏరాలని ఇంటిల్లిపాదీ తోటలోనే ఉన్నాం. మా మరిది సైకిలు గట్టుకు ఆనించి, "వదినా, డ్రిల్లు మేష్టారు పోయారట. విశాఖ నుంచి తెత్తన్నారు" అన్నాడు. ఏ జబ్బుతో అని ఎవరూ అడగలేదు. మా ఉద్దానం ఊళ్ళల్లో ఆ మాట అడగడం మానేసి చాలా కాలమైంది. మా అత్త మాత్రం వంగి, వాపు ఉందేమోనని తన పాదాన్ని వేలితో నొక్కి చూసుకుంది.

మేష్టారు నాకు టెన్నిస్ నేర్పారు. హైస్కూలు వెనక ఎర్రమట్టి పోయించి, నీళ్ళు చల్లి, రోలరు లాగి ఆయనే కోర్టు చేశారు. పొద్దున్నే సున్నంతో గీతలు గీసేవారు. గీసేటప్పుడు ఎవరైనా మాట్లాడితే చెయ్యి ఎత్తేవారు, అంతే. ఓడినవాళ్ళను ఏమీ అనేవారు కాదు. సర్వీసు ముందు నేను బంతిని పదేపదే నేలకు కొడుతుంటే, "భయపడాల్సిందంతా బంతి ఎగరేసే ముందే భయపడిపో. తరవాత టైముండదు" అనేవారు.

ఎక్కడికెళ్ళినా ఆయన వెంట కొబ్బరి బొండాలు ఉండేవి. ఊళ్ళో ఇంటికొకరు కిడ్నీ జబ్బుతో మంచం పడుతున్న రోజులవి. కారణం ఎవరూ తేల్చలేదు. నీళ్ళలోనే ఏదో ఉందని మా అందరి నమ్మకం. బోరు నీళ్ళన్నా భయమే, నూతి నీళ్ళన్నా భయమే. ఆట మధ్యలో దాహమైతే ఆయన బొండం కొట్టి ఇచ్చేవారు.

నేను ఇంటర్ అయిన ఏడాది విశాఖలో ఓ చిన్న ప్రొఫెషనల్ టోర్నమెంటు జరిగింది. మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ కలిపి పెట్టారు. ర్యాంకుల్లో అడుగున ఉన్నవాళ్ళు పాయింట్ల కోసం వచ్చే పోటీ అది. అసలు పోటీకి ముందు జరిగే క్వాలిఫయింగ్‌లో నాకు చోటు దొరికింది. మేష్టారు గోనెసంచిలో బొండాలు, కత్తి పట్టుకొచ్చారు. గేటు దగ్గర వాచ్‌మన్ సంచి తెరిచాడు.

"కాయలు సరే. ఈ కత్తేటండీ? ఎవుల్ని నరుకుతారు?"

"కాయనేనయ్యా. కత్తి లేకపోతే తలతో కొట్టమంటావా?"

"లోపల సీసాల్లో నీళ్ళు ఊరికే ఇత్తన్నారు. అవి తాగండి."

అప్పటికే మైకులో నా పేరు పిలిచారు. కత్తి గేటు దగ్గర ఉండిపోయింది. బొండాలు లోపలికొచ్చాయి కానీ కొట్టేందుకు ఏమీ లేదు. కోర్టులో నా కుర్చీ పక్కన మూత తీయని నీళ్ళ సీసాలు పెట్టారు. ముట్టుకోలేదు. మొదటి సెట్టు గెలిచాను. రెండో సెట్టులో పిక్కలు పట్టేసి పడిపోయాను. మళ్ళీ లేవలేక ఆట వదిలేశాను.

టోర్నమెంటు డాక్టరు నా కాలు పట్టి చూసి, "ఎండలో నీళ్ళెందుకు తాగలేదు?" అని అడిగాడు.

"మాది ఉద్దానమండీ" అన్నారు మేష్టారు.

డాక్టరు చీటీ రాసిచ్చాడు. ఇద్దరినీ రక్తపరీక్ష చేయించుకోమన్నాడు.

మా అమ్మ ఒప్పుకోలేదు. "సేయిత్తే ఉన్నాదంటారు. సేయించకపోతే లేనట్టే కదేటి, మేష్టారూ?" అంది. మర్నాడు ఆయనే వచ్చి నన్ను పక్కనున్న కాశీబుగ్గ టౌనుకు తీసుకెళ్ళారు. ల్యాబులో నాకంటే ముందు కూర్చుని చొక్కా చెయ్యి మడిచారు. "ముందు నాది తియ్యి బాబూ. పిల్ల సూత్తది" అన్నారు.

సాయంత్రం ఫలితం కనుక్కొని బయటికొచ్చి, సోడా బండి పక్కన నిలబడి చెప్పారు.

"నీకు లేదు. నాకుంది. ఇంక నువ్వు నీళ్ళు తాగు."

మర్నాడు పొద్దున మామూలుగానే సున్నం గీతలు గీశారు.

తరవాత కొన్నేళ్ళకు డయాలసిస్ కోసం విశాఖ రైలెక్కడం మొదలైంది. ఆయన తాగే నీళ్ళకు డాక్టర్లు కొలత పెట్టారు. బొండం అసలే వద్దన్నారు. నేను చూడ్డానికి వెళ్తే మాత్రం లేచి నాకోసం ఒకటి కొట్టేవారు. నేను చివరి చుక్క తాగేవరకూ నన్నే చూస్తూ కూర్చునేవారు.

నేను మళ్ళీ పరీక్షకు వెళ్ళలేదు. ఏటేటా వెళ్ళమని ఆయన అంటూనే ఉన్నారు. కాళ్ళు బరువనిపించిన రోజుల్లో కూడా వెళ్ళలేదు.

మేష్టారి దహనం అయ్యాక ఆయన భార్య నన్ను దొడ్లోకి పిలిచింది.

"నువ్వు మళ్ళీ సూపించుకున్నావేటే?"

"లేదండీ."

"నాను అసలే సేయించుకోనేదు. ఆయన సెప్పి సెప్పి ఊరుకున్నారు. ఇద్దరం ఎల్లి సేయించుకుందాం, పద."

పక్కింటావిడ వింటూనే ఉంది. "పెద్దకార్యం కాకుండా గడప దాటతావేటి వదినా?" అంది.

"అయ్యాకే దాటతాన్లే."

పెద్దకార్యం అయిన మర్నాడు, మొదటి బస్సుకు, ఆమే నేనూ కాశీబుగ్గ బయల్దేరాం.