ముసలి జీపుకి వేలెడు నూనె

నా ఉద్యోగం కోసమే జీపు కొన్నానని మా ఆయన అంటారు. జీపు కొనడానికి నా ఉద్యోగం ఒక వంక దొరికిందని నేనంటాను. ఇన్నేళ్లయినా ఈ తగువు తెగలేదు. తెగాలని నాకు పెద్దగా లేదు కూడా.

ఎనభైల్లో సంగతి. మా అత్తగారి ఊరు పర్చూరు దగ్గర. నాకు టీచరుగా ఆర్డరు వచ్చిన స్కూలు అక్కడికి పన్నెండు మైళ్లు. మధ్యలో అంతా నల్లరేగడి. ఎండాకాలం ఆ దారికి వంక పెట్టడానికి లేదు. నాలుగు చినుకులు పడ్డాయంటే మాత్రం కాలికి చెప్పు మిగలదు, బస్సు పర్చూరు దాటి రాదు. స్కూళ్లు తెరిచేదేమో సరిగ్గా ఆ చినుకులు పడే రోజుల్లోనే.

మామగారు పోయాక ఇంట్లో మాట అత్తగారిదే. ఆవిడ నా ఉద్యోగం వద్దనలేదు. వద్దని ఉంటే పోట్లాడేదాన్ని, ఆ విద్యలో నేనేం తక్కువదాన్ని కాదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. అందుకే మజ్జిగ చిలుకుతూ తాపీగా ఒక షరతు పెట్టింది.

"జీపు రోజూ తీసకపోయి తీసకొచ్చేటట్టయితే చెయ్యమ్మాయ్. మొదటిరోజే ఆగిపోయిందా, ఇక ఆ ఊసెత్తొద్దు. నువ్వు బురదలో నిలబడి ఎవడి బండి వచ్చుద్దా అని చూస్తా ఉంటే, ఇక్కడ నాకు ముద్ద దిగదు."

మా ఆయన సరేనన్నారు. నేనూ సరేనన్నాను. అప్పటికి నేను ఆ జీపుని చూడలేదు.

అది ఎవరో వాడి వాడి వేలంలో వదిలించుకున్న డీజిలు జీపు. నాలుగు చక్రాలూ ఒకేసారి లాగుతాయి, ఎంత బురదలోంచైనా బయటపడుతుంది. ఆ ఒక్క గుణం చూసి ఈయన మిగతావేవీ చూడలేదు. ఎన్ని మైళ్లు తిరిగిందో చెప్పే ముల్లు ఎప్పుడో చెప్పడం మానేసింది. స్టార్టు చేస్తే వెనక నీలం పొగ. డీజిలుతో పాటు ఇంజను ఆయిలు కూడా తాగుతుంది. మా అత్తగారు వసారాలోంచి చూసి, "ఇది జీపా, పొగాకు కాల్చే బ్యారనా?" అని లోపలికి వెళ్లిపోయింది.

పర్చూరు మెకానిక్కు వచ్చి చూశాడు. ఇంజను లోపల అరిగిందనీ, ఆ సందుల్లోంచి ఆయిలు పైకెక్కి మండుతోందనీ చెప్పాడు. ఇప్పుడే విప్పక్కర్లేదు, సరైన ఆయిలు పోస్తే ఇంకో రెండేళ్లు లాగిస్తుందన్నాడు. మాటల్లో మాటగా, డీజిలు ఇంజను మహా మొండిదనీ, పిచ్చెత్తిందంటే గాలి పీల్చే గొట్టం మూస్తే తప్ప ఆగదనీ కూడా అన్నాడు. అది నా చెవిన పడింది. మగవాళ్లకి మాత్రం "సరైన ఆయిలు" అన్న ముక్క ఒక్కటే పడింది. ఇక మా వసారా పంచాయతీ ఆఫీసయింది.

మెకానిక్కుది నలభై నంబరు. అరిగిన ఇంజనుకి చిక్కటి ఆయిలే దిక్కు, పల్చటిది పోస్తే పొగై పోతుందని అతని వాదం. పక్కింట్లో ఉండే మా చినమామగారికి ట్రాక్టరు ఉంది, కాబట్టి అన్నీ తెలుసు. ఆయనది ముప్పై నంబరు. ముసలాడికి గట్టి ముద్ద పెడితే గొంతు దిగుతుందా అని ఆయన వాదం. మా ఆయన ఈ ఇద్దరి మధ్యా ఊగి, చివరికి చీరాల వెళ్లి కొత్తరకం ఆయిలు గురించి విని వచ్చారు. అది పొద్దున చలికి పల్చగా ఉండి, ఇంజను వేడెక్కాక చిక్కదనం చూపిస్తుందట. చినమామగారు తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "పొద్దున ఒకమాట, మధ్యానం ఒకమాట చెప్పేదాన్ని ఆయిలు అనరబ్బాయ్, లీడరంటారు" అన్నారు. దానితో ఆ కొత్తరకం డిపాజిట్టు కోల్పోయింది.

మా అత్తగారు కూడా ఊరుకోలేదు. మెకానిక్కు శాంపిలుకి తెచ్చిన ఆయిల్లో వేలు ముంచి, బొటనవేలితో రాసి, వాసన చూసి, పెదవి విరిచింది. ఆవకాయకి నువ్వులనూనె కొనేటప్పుడు ఆవిడ ఇలాగే చూసేది, గానుగవాడు ఊపిరి బిగబట్టి నిలబడేవాడు. ఇక్కడ మెకానిక్కూ అలాగే నిలబడ్డాడు. "ఏదైతేనేం, తక్కువ చెయ్యబాకండి" అని మాత్రం అంది. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. ఆవిడ మాట పట్టించుకోకపోవడం మా ఇంట్లో అదే మొదలు, అదే ఆఖరు.

రోజులు దగ్గరపడుతున్నాయి. వీళ్లకేం, కాఫీలు తాగుతూ దసరా దాకా మాట్లాడగలరు. చేరకపోతే పోయేది నా ఉద్యోగం. నాకు ఒళ్లు మండి కాఫీగ్లాసులు పెట్టిన పళ్లెం వసారా మధ్యలో ఠంగున దించాను. అతుకుల చీరకి గట్టి దారమే కదా వాడేది, నలభై నంబరే పోయించండి, లేదంటే అందరూ మీమీ ఇళ్లకి వెళ్లండి అన్నాను. చినమామగారు ఉన్నది పక్కింట్లోనే కాబట్టి ఆయనకి వెళ్లడం కష్టం కాలేదు. మర్నాడే నలభై నంబరు ఆయిలు పెద్ద డబ్బా వచ్చింది. మెకానిక్కు పాత ఆయిలు దించి, కొత్తది పోసి, కొలిచే పుల్ల మీద పైగీత దాకా వచ్చాక ఆపాడు. డబ్బాలో ఇంకా సగానికి కొంచెం తక్కువ మిగిలింది. స్టార్టు చేస్తే పొగ సగానికి సగం తగ్గింది. గెలిచాననుకున్నాను.

చేరాల్సిన రోజు వచ్చింది. ముందురోజు వాన కురిసింది. బస్సు రాదని తేలిపోయింది. జీపు ముందు కొబ్బరికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. నేను కొత్త గంజిచీర కట్టుకుని, కారియరు పట్టుకుని నిలబడ్డాను. వీధిలో సగంమంది అరుగుల మీదే ఉన్నారు. మా ఆయన స్టార్టు చేసి, గేరు వెయ్యకుండా వేడెక్కనిచ్చారు.

మొదట మామూలుగానే ఉంది. తర్వాత ఎవరూ తొక్కకుండానే ఇంజను హోరెత్తింది. మా ఆయన కాలు పైకెత్తి అందరికీ చూపించారు, నేను తొక్కడం లేదు మహాప్రభో అన్నట్టు. హోరు ఇంకా పెరిగింది. వెనకనుంచి తెల్లగా, నీలంగా పొగ లేచి ఎదురింటి వాళ్లు కనపడకుండా పోయారు. ఇంజనుని ఆపే తీగ లాగారు. ఆగలేదు. తీగ ఊడి చేతికొచ్చింది కానీ ఇంజను ఆగలేదు. జీపు నిలబడ్డచోటే పూనకం వచ్చినట్టు ఊగుతోంది. ఈయన దూకి బానెట్టు ఎత్తి, గాలి గొట్టం ఊడబెరికి, ఏదన్నా గుడ్డ అందించమని అరిచారు.

కారియరు అరుగు మీద పెట్టి, గోడవారన ఉన్న ఖాళీ గోతాం లాక్కుని ఉండచుట్టి నేనే కుక్కాను. గంజిచీర సంగతి తర్వాత చూసుకుందామనుకున్నాను. ఇంజను రెండు గుక్కలు లాగి, ఎక్కిళ్లు పెట్టి చచ్చింది. హమ్మయ్య అనుకునేలోపు వీధంతా దగ్గు మొదలైంది. అది గుంటూరు యార్డుకి మిరపకాయలు తీసుకెళ్లి వచ్చిన గోతాం. దాన్ని ఎవరూ దులపలేదు. ఆ రెండు గుక్కల్లోనే ఇంజను దాని దుమ్మంతా పీల్చి, మాడ్చి, వెనకనుంచి వదిలింది. చినమామగారు తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని వాళ్లింట్లోకి పరిగెత్తి తలుపేసుకున్నారు. ఎవరి కుక్కో తుమ్ముతూ పోయింది.

మా అత్తగారు కొంగుతో కళ్లొత్తుకుంటూ వచ్చింది. "ఇంత ఘాటొచ్చిందంటే దిష్టి తగల్లేదు. మరి దీనికేం రోగమంట?" అంది.

మా ఆయన పుల్ల తీసి చూశారు. తుడిచి మళ్లీ చూశారు. ఆయిలు పైగీత దాటి, ఇంకా జానెడు పైకి అంటుకుని ఉంది. ఎక్కువైన ఆయిలంతా పైకి ఎగదన్ని, దాన్నే తాగి ఇంజను రెచ్చిపోయింది. మిగిలిన డబ్బా ఏమైందని నా వైపు చూశారు. నేను పెరట్లోకి చూశాను. అక్కడ గోడ మీద ఆ డబ్బా బూడిదతో తోమి, బోర్లించి, తళతళలాడుతోంది. కందిపప్పు పోసుకోవడానికి.

ఎవరూ అడగకముందే అత్తగారు చెప్పింది.

"నేనే పోశా. తెల్లారగట్ట. పుల్ల తీసి చూస్తే కొసనే తడుంది, మిగతా అంతా పొడిగా ఉంది. ఊరగాయ జాడీలో నూనె వేలెడు పైకి తేలకపోతే బూజు పట్టదూ? ఆ పిల్ల దారిలో ఆగిపోయిద్దేమోనని మొత్తం పోశా."

మిరపఘాటుకి అప్పటికే నా కళ్లు ఎర్రగా ఉన్నాయి కాబట్టి నేను ఏడ్చినట్టు ఎవరికీ తెలియలేదు. ఏ నూనె అన్నదాని మీద అన్ని రోజులు కొట్టుకున్నాం గానీ, ఎంత అన్నది మాలో ఎవరూ ఆవిడకి చెప్పలేదు. నేను ఓడాలని షరతు పెట్టిందనుకున్నాను. నేను ఓడిపోతానేమోనని నాకంటే ఎక్కువ భయపడింది ఆవిడ. నా తల్లి కూడా నాకోసం చీకట్లో లేచి బానెట్టు ఎత్తి ఉండేది కాదు.

అయినా షరతు షరతే కదా. మా ఆయన తీగముక్క చేత్తో పట్టుకుని తల వంచుకుని నిలబడ్డారు. నేను కారియరు తీసుకుని లోపలికి నడిచాను.

"యాడికే?" అంది అత్తగారు. "నేనన్నది ఆగిపోతే అని. ఇది యాడ ఆగింది? ఆగమన్నా ఆగలేదు."

తర్వాత చినమామగారి తలుపు దబదబా బాదింది. ట్రాక్టరు తియ్యమంది. ట్రక్కులో వరిగడ్డి పరిపించి, దాని మీద దుప్పటి వేయించి, నన్ను ఎక్కించి, తనూ ఎక్కింది. దారి పొడవునా కారియరు ఒళ్లో పెట్టుకుని కూచుంది. నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు. చినమామగారు మాత్రం, ముప్పై నంబరు పోసి ఉంటే ఇంత జరిగేదా అని ట్రాక్టరు హోరుని మించి అరిచి చెబుతూనే ఉన్నారు.

మధ్యాహ్నం కాకముందే చేరాం. హెడ్మాస్టరు గారు మంచివారే. బురదకొట్టుకుపోయిన నా చీరనీ, మా ఇద్దరి ఎర్రకళ్లనీ చూసి ఏదో అశుభం జరిగిందనుకుని కుర్చీలోంచి లేచారు. అదేం లేదని తెలిశాక, నేను సంతకం పెడుతుంటే, ఇంత దూరంనుంచి ఈ దారిలో అమ్మాయి రోజూ ఎలా వస్తుందండీ అని అనుమానంగా అడిగారు.

మా అత్తగారు కారియరు బల్ల మీద పెట్టింది.

"మా కోడలు రోజూ వచ్చుద్దండీ. దేనిమీద వచ్చుద్దో అది మా తంటా" అంది.