గుమ్మడికాయ పడవ

గెర్లిండె పాత రాజభవనం గేటు దగ్గర కుడికాలిమీద బరువు మోపి నిలబడుతుంది. వసంతంలో పూల పండుగకైనా, శరత్తులో గుమ్మడికాయల పండుగకైనా టికెట్టు ఒకే ఒడుపుతో చింపుతుంది. కొలువులో ఇదే ఆఖరి ఏడు కాబట్టి, ఇన్నేళ్లూ దూరంనుంచి చూసిన పడవల పందేనికి ఈసారి తనూ పేరిచ్చింది. డొల్ల చేసిన పెద్ద గుమ్మడికాయలో కూర్చుని భవనం ముందరి కొలను దాటాలి.

"నువ్వెక్కితే కాయ మునుగుతుందక్కా," అన్నాడు తోటమాలి ఒట్మార్.

"మునిగితే నువ్వే దూకి తీద్దువుగానీ, ముందా తెడ్డు ఇటివ్వు."

కుర్రవాళ్లు తొందరపడి తెడ్లు వేస్తే వాళ్ల కాయలు ఉన్నచోటే గిరగిరా తిరిగాయి. గెర్లిండె మోకాళ్లు ముడుచుకుని, నింపాదిగా అటొకటి ఇటొకటి వేస్తూ తిన్నగా వెళ్లి అందరికంటే ముందు గట్టు తాకింది. జనం ఈలలు వేశారు. ఒట్మార్ ఆమెను పైకి లాగడానికి చెయ్యి చాచాడు.

ఆమె కాయలోంచి కదల్లేదు. తడిసిన ముఖం తుడుచుకుని, "ఇంకో పందెం ఉందా?" అని అడిగింది.